తొమ్మిది మార్కుల చీకటి

రోజూ ఉదయం పదింటికి మా అత్త ముందుగది పరదాలు దగ్గరికి లాగేసి, మానిటర్ ముందు కూర్చుని, తెర మీద పది గళ్ళున్న ఒక బొమ్మ తెరుస్తుంది. మొదటి గడి తెలుపు, చివరిది నలుపు. మధ్యలో ఎనిమిది గళ్ళు బూడిద రంగులో, ఒకదానికంటే ఒకటి కాస్త ముదురుగా ఉంటాయి. వాటిని వేలితో చూపిస్తూ పైకి లెక్కపెడుతుంది. వంటింట్లోంచి నానమ్మ గొంతు వినిపిస్తుంది.

"పదీ ఉన్నాయా?"

"ఉన్నాయమ్మా."

"తొమ్మిదోది సరిగ్గా చూశావా?"

"చూశానంటే వినవేం?"

"సరే, అయితే ఆడుకో."

యాభై రెండేళ్ళ కూతురికి ఎనభై దాటిన తల్లి ఆడుకోమని అనుమతి ఇవ్వడం కొత్తగా వచ్చినవాళ్ళకి వింతగా ఉంటుంది. కానీ అత్త ఉద్యోగమే అది. ఒక దినపత్రిక ఆదివారం అనుబంధంలో ఆమె వీడియో గేముల మీద సమీక్షలు రాస్తుంది. నేను ఎం.ఏ. చదువు కోసం వచ్చి ఈ ఇంట్లోనే ఉంటున్నాను. అత్త మా నాన్నకి చెల్లెలు. ఆమెకి ఈ పది గళ్ళ అలవాటు రెండేళ్ళ కిందట వచ్చింది. ఎలా వచ్చిందో చెప్పాలంటే ముందు ఆమె ప్రూఫులు దిద్దిన రోజుల దగ్గర మొదలుపెట్టాలి.

ఇరవై నాలుగో ఏట అత్త ఆ పత్రికలో ప్రూఫ్ రీడరుగా చేరింది. వెనక వరండా పక్కన ఇరుకు గది, పొడుగాటి బల్ల, ఎర్ర పెన్సిళ్ళ డబ్బా, తలకి తగిలేంత కిందికి వేలాడే బల్బు. ఆఫీసులో అందరూ ఆమెని అచ్చుతప్పులమ్మ అనేవారు. కోపంగా అన్నా, ముద్దుగా అన్నా అదే పేరు. ఆమెకి అక్షరం తప్పు పోవడం ఎంత బాధో, విషయం తప్పు పోవడం కూడా అంతే బాధ. వంటల శీర్షికలో పొయ్యి మీద పెట్టమని రాయకుండానే దించమని రాస్తే, రాసినావిడకి ఫోన్ చేసి అడిగేది.

అనుబంధంలో గేముల అరపేజీ అప్పట్లో వేరే ఆయన రాసేవాడు. ఒకసారి ఆయన సమీక్షలో "మూడో అంకంలో పడవెక్కి ఏరు దాటాలి" అని ఉంది. అత్త ఆ ప్రూఫు పట్టుకుని అప్పటి అనుబంధం సంపాదకుడి దగ్గరికి వెళ్ళింది.

"సార్, అక్కడ పడవ లేదు."

"నీకెలా తెలుసమ్మా?"

"అనుమానం వచ్చి నేనూ ఆడాను. నాలుగు రోజులు పట్టింది. ఏరు ఈదే దాటాను."

సంపాదకుడు నవ్వి ఊరుకున్నాడట. కొన్ని నెలలకి గేములాయన చెప్పాపెట్టకుండా మానేశాడు. ఖాళీ అరపేజీ ముందు కూర్చుని తల పట్టుకున్న సంపాదకుడికి, ఏరు ఈదిన మనిషి గుర్తొచ్చింది. అప్పటికి అత్తకి నలభై ఒకటి.

ఆమె పని పద్ధతి ప్రూఫుల గదిలో నేర్చుకున్నదే. ఏ ఆటనైనా చివరిదాకా ఆడందే ఒక్క వాక్యం రాయదు. మార్కులు పదికి వేస్తుంది. చేతికి ఎముక ఉన్న మనిషి, ఆరు దాటితే గొప్ప. ఇంకొక నియమం కూడా ఉండేది, ఆమెని ముంచింది అదే. ఆట మొదట్లో "వెలుతురు పెంచాలా, తగ్గించాలా? ఈ గుర్తు లీలగా కనిపించేదాకా సవరించుకోండి" అని అడుగుతారు. అత్త ఏమీ ముట్టుకోకుండా "సరే" నొక్కి ముందుకి వెళ్ళిపోయేది. ఎందుకని ఒకసారి అడిగాను.

"రాసినవాడి ప్రతి మీద మన చెయ్యి పడకూడదే. వాళ్ళు ఎలా ఇచ్చారో అలాగే చదవాలి. తప్పుంటే అంచున గుర్తు పెట్టాలి, అంతే."

ఆ మాట నాకు ఎంత నచ్చిందంటే, నా నోట్సు పుస్తకం అట్ట లోపల రాసి పెట్టుకున్నాను కూడా.

రెండేళ్ళ కిందట 'బూడిద గంట' అనే ఆట వచ్చింది. డార్క్ ఫాంటసీ అంటారు ఆ రకాన్ని. కూలిపోయిన ఒక గని, ఆ గనిలో చచ్చిపోయినవాళ్ళ పేర్లని మింగేసిన ఒక మృగం. ఆ పేర్లు వెనక్కి తేవడానికి ఒక ముసలామె చేతిగంట పట్టుకుని ఒక్కర్తే మెట్లు దిగుతుంది. కత్తి లేదు, మంత్రం లేదు. గంట మోగిస్తే ఆ మోత తిరిగొచ్చే తీరుని బట్టి ముందు గోడ ఉందో, గొయ్యి ఉందో తెలుసుకోవాలి.

అత్త దాన్ని మూడు వారాలు ఆడింది. మధ్యాహ్నాలు పరదాలు వేసిన గదిలోంచి గంట మోత, నీటి చుక్కలు, ఎవరో గొలుసు ఈడుస్తున్న చప్పుడు వినిపించేవి. నానమ్మ పక్కగదిలో మంచం మీద నడుం వాల్చి, కళ్ళు మూసుకుని, దారి చెప్పేది.

"ఎడమ పక్క నీళ్ళు కారుతున్నాయి. అటు వెళ్ళకే, జారతావు."

"చూశాలే అమ్మా."

"చూడ్డం కాదు, విను. ఆ వెధవ నీ వెనకాలే ఉన్నాడు. ఊపిరి వినపడట్లా?"

ఒకటి రెండుసార్లు నేను కూడా తొంగి చూశాను. తెరంతా నలుపు, మధ్యలో బూడిద రంగు మరక లాంటిదేదో కదులుతోంది. డార్క్ ఫాంటసీ కదా, చీకటిగానే ఉంటుంది కాబోలు అనుకుని నా పుస్తకం దగ్గరికి వెళ్ళిపోయాను. చదువుకున్నదాన్ని, నాకు తట్టిన తెలివి అంతే.

ఆట ముగిసిన రోజు అత్త చాలాసేపు కుర్చీలోంచి లేవలేదు. మర్నాడు రాసిన సమీక్షకి 'చూపించకుండా భయపెట్టిన ఆట' అని పేరు పెట్టింది. "మృగాన్ని ఒక్కసారి కూడా పూర్తిగా చూపించరు. కథానాయిక ముఖం కూడా చివరిదాకా దాచి ఉంచుతారు. కన్ను పనికిరాని చోట మనిషి చెవితో ఎలా బతుకుతాడో ఈ ఆట నేర్పింది" అని రాసింది. తొమ్మిది మార్కులు వేసింది. తొమ్మిదేళ్ళలో ఆ అంకె వేయడం అది మూడోసారి.

మిగతా చోట్ల వచ్చిన సమీక్షలు వేరుగా ఉన్నాయి. ఒకరు ఐదు వేశారు, ఇంకొకరు ఆరు. గోడలన్నీ ఒకే అచ్చులో పోసినట్టున్నాయన్నారు. మృగం బొమ్మల కొట్లోంచి దిగి వచ్చినట్టుందన్నారు. చప్పుళ్ళు బాగున్నాయి, కథ పల్చన అని తేల్చారు. అత్త అవన్నీ చదివి, "వీళ్ళు చివరిదాకా ఆడి ఉండరు" అంది. అంత ధీమాగా ఆమె మాట్లాడటం నేను అరుదుగా చూశాను.

తర్వాత ఉత్తరాలు మొదలయ్యాయి. పేజీ కింద ఇచ్చిన ఈ-మెయిల్‌కి ఒక్క వారంలో నలభై వచ్చాయి. అందులో ఒకటి ఇలా ఉంది: "అమ్మా, మృగాన్ని పూర్తిగా చూపించలేదని రాశారు. రెండో మెట్ల వరస దగ్గరే తోకతో సహా నిలబడి ఉంటుంది. తోక చివర కుచ్చు కూడా ఉంది. అసలు మీరు ఈ ఆట ఆడారా? లేక కంపెనీవాళ్ళు పంపిన కాగితం చూసి రాసేశారా?" ఆయన పేరు మాకు తెలియదు. అప్పటి నుంచి మా ఇంట్లో ఆయన తోకాయన అయిపోయాడు.

పక్షపాతం అన్నా, తెలివితక్కువ అన్నా అత్త ఓర్చుకునేది. "ఆడారా?" అన్న ప్రశ్న మాత్రం ఆమెకి ముల్లులా గుచ్చుకుంది. ప్రూఫు దిద్దేవాళ్ళని పట్టుకుని "అసలు చదివారా?" అని అడిగినట్టే కదా. ఆ రోజు అన్నం ముందు కూర్చుని కెలికి లేచిపోయింది. ఆధారం చూపించమని తోకాయనకి జవాబు రాసింది. గంటలో ఆయన ఒక ఫొటో పంపాడు. అత్త తెరిచి, కుర్చీ వెనక్కి నెట్టి నన్ను పిలిచింది.

"ఇలా రావే. చూడు ఈ మనిషి వెక్కిరింత. ఆధారం పంపమంటే నల్ల కాగితం పంపాడు."

నేను చూశాను. నిజంగానే తెరంతా నలుపు. ఏదైనా పొరపాటేమోనని అదే ఉత్తరాన్ని నా ఫోనుకి పంపించుకుని తెరిచాను.

మెట్ల మీద, రెండు కొమ్ములతో, పళ్ళు బయటపెట్టి, మృగం నిలబడి ఉంది. తోక ఉంది. చివర కుచ్చు ఉంది.

ఫోను అత్త చేతిలో పెట్టడానికి నాకు ధైర్యం చాలలేదు. బల్ల మీద, మానిటర్ పక్కన పెట్టాను. ఆమె దాన్ని చూసింది, మానిటర్‌ని చూసింది, మళ్ళీ ఫోనుని చూసింది. అప్పటికి నానమ్మ కూడా లేచి వచ్చి ఇద్దరి మధ్యలోంచి వంగి చూసింది.

"ఎవరే వీడు?"

"మృగం, అమ్మా."

"వీడా! ఇన్నాళ్ళూ మనల్ని చంపుకు తిన్నది వీడా! దువ్వెన పెట్టి దువ్వినట్టున్నాడు."

మర్నాడు మెకానిక్ వచ్చి మానిటర్ వెనక మూత విప్పాడు. లోపల చూసి నాలుక చప్పరించాడు.

"దీని వెనక దీపాలు అలిసిపోయాయి మేడమ్. ముప్పాతిక వెలుతురు పోయింది."

"ఎప్పుడు పోయింది?"

"ఒక్క రోజులో పోదండీ. రోజుకి రవ్వంత. ఎదురుగా కూర్చున్నవాళ్ళకి తెలీదు. బయటినుంచి వచ్చినవాళ్ళయితే చెప్తారు."

బయటినుంచి వచ్చినదాన్ని నేనే. తల దించుకున్నాను.

అత్తకి మాత్రం 'ఎప్పుడు' అన్న ప్రశ్న వదల్లేదు. పాత పేజీలు దాచిన ఫైళ్ళన్నీ నేల మీద పరిచింది. ఎర్ర పెన్సిల్ తీసి తన సమీక్షల్నే ప్రూఫుల్లా దిద్దడం మొదలుపెట్టింది. చీకటి, మసక, నీడ, దిగులు, ఈ మాటలు ఎక్కడ కనిపించినా సున్నా చుట్టింది. మొదటి ఏళ్ళలో అక్కడొకటి, ఇక్కడొకటి. ఆ ముందటి ఏడాది పదకొండు. ఆ ఏడాది ఎనిమిది నెలలకే ముప్పై నాలుగు. పసిపిల్లలు మొక్కలు పెంచుకునే ఒక ఆట ఉంది. దాని మీద ఆమె రాసింది నేను పైకి చదివాను: "పూలు పూస్తున్నా, ఈ తోట మీద చెప్పుకోలేని దుఃఖమేదో కమ్ముకుని ఉంది."

నానమ్మ తలుపు పట్టుకుని, కళ్ళ వెంట నీళ్ళు కారేలా నవ్వింది. "క్యారెట్లు పీక్కునే ఆటలో దుఃఖమేంటే నీ మొహం!"

అత్త కూడా నవ్వింది. అంతలోనే ఆగిపోయింది.

"నవ్వకమ్మా. ఆ తోట వాళ్ళకి నేను ఐదు వేశాను."

ఆఫీసు నుంచి కొన్నాళ్ళకని వేరే మానిటర్ తెచ్చుకుని 'బూడిద గంట' మళ్ళీ మొదటినుంచీ ఆడింది. గోడలన్నీ నిజంగానే ఒకే అచ్చు. మృగం వచ్చినప్పుడల్లా నానమ్మ "ఇదిగో, దువ్వెన వచ్చాడు" అనేది. నాలుగో రోజు గని అడుగున బావి దగ్గర అత్త నన్ను పిలిచింది.

"ముసలామె ముఖం చూశానే ఇవాళ. దాచారని రాశాను కదా, దాచలేదు. మొదటినుంచీ అక్కడే ఉంది. కళ్ళ కింద గీతలు కూడా ఎంత శ్రద్ధగా గీశారో."

నానమ్మ దగ్గరగా వచ్చి పరీక్షగా చూసింది. "ఈవిడ నాకన్నా చిన్నది. చీకట్లో నా ఈడుదే అనుకున్నా" అంది కాస్త నిరాశగా.

అత్త సవరణ రాయాలని నిశ్చయించుకుంది. కొత్తగా వచ్చిన అనుబంధం ఇన్‌చార్జి క్రీడల పేజీ నుంచి వచ్చినవాడు, మంచివాడే. ఆయనతో జరిగిన మాటలన్నీ అత్త ఇంటికొచ్చి రెండు గొంతులతోనూ చెప్పింది.

"అభిప్రాయానికి సవరణ ఏంటి మేడమ్? మీకు నచ్చింది, రాశారు. రెండు వారాలు పోతే అందరూ మర్చిపోతారు."

"అభిప్రాయం నాదే సార్. నేను చూసిన ఆట మాత్రం ఇంకెవరి దగ్గరా లేదు."

"పోనీ, చివరి పేజీలో రెండు లైన్లు వేద్దాం. సాంకేతిక కారణాల వల్ల అని."

"తప్పు అరపేజీలో పడింది. దిద్దుబాటు కూడా అరపేజీలోనే పడాలి. ప్రూఫుల గదిలో మాకు నేర్పింది అదే."

ఆయన పేపర్‌వెయిట్ రెండుసార్లు తిప్పి అన్నాడట. "ఈ పేజీ ఎప్పుడు ఎత్తేద్దామా అని పైవాళ్ళు కాచుకుని కూర్చున్నారు. మీరే కత్తి తీసి వాళ్ళ చేతికిస్తే నేను అడ్డం పడలేను మేడమ్. ఆలోచించుకోండి."

ఆ సాయంత్రం అత్త భోజనాల బల్ల దగ్గర కూర్చుని ఎర్ర పెన్సిల్ని ఊరికే చెక్కుతూనే ఉంది.

"పేజీ పోతే మళ్ళీ ప్రూఫుల గదికే" అంది.

ప్రూఫుల గదిలో ఇప్పుడు పాత కుర్చీలు పెట్టుకున్నారని, ఆ పని కంప్యూటరు చేస్తోందని ఆమెకి తెలుసు, నాకూ తెలుసు. పేజీ పోతే ఉద్యోగమే పోతుంది. ఏదో ఒకటి అనాలని, తరగతిలో విన్న మాట ఒకటి గుర్తు తెచ్చుకున్నాను.

"అత్తా, ఏ రచననైనా చదివేవాడు సగం రాస్తాడంటారు మా మాస్టారు. నువ్వు చూసిన ఆట నువ్వు సగం రాసినదే అనుకో."

"అయితే సగం మార్కులు నాకు నేనే వేసుకున్నట్టు కదే. అది ఇంకా తప్పు."

నానమ్మ మంచం మీదనుంచే అంది. "ఏమైనా రాసుకోండి. నా తొమ్మిదిలో మాత్రం ఎవరూ వేలు పెట్టకండి. నేను చెవులతో ఆడాను. నాకు మానిటర్ ఎలా ఉంటే ఏంటి?"

అత్త పెన్సిల్ చెక్కడం ఆపింది. ఆ మాట ఆమెకి ఏదో దారి చూపించినట్టుంది. కాగితం దగ్గరికి లాక్కుంది.

సవరణ అరపేజీ నిండా వచ్చింది. ఇన్‌చార్జి చివరికి ఒక్క ముక్క కూడా కత్తిరించలేదు. పేజీ పంపించే ముందు "మీ ఇష్టం మేడమ్, మీ ధైర్యం" అన్నాడట. అందులో అత్త జరిగింది జరిగినట్టు రాసింది. మానిటర్ సంగతి, వెలుతురు సవరించుకోమంటే గర్వంగా వద్దన్న సంగతి, నల్ల కాగితమనుకున్న ఫొటో సంగతి. ఆడకుండా రాయలేదని, కానీ ఆడినట్టు కూడా లెక్కలోకి రాదని ఒప్పుకుంది. "పాఠకులు కొనే 'బూడిద గంట'కి ఆరు మార్కులు. ముసలామె ముఖానికి అందులో ఒకటి. మా ముందుగదిలో మూడు వారాలు నడిచిన ఆటకి ఇచ్చిన తొమ్మిది అలాగే ఉంటాయి, కానీ అది ఏ దుకాణంలోనూ దొరకదు. దాన్ని ఆడినవాళ్ళం ఇద్దరమే, నేనూ మా అమ్మా." ఆ కింద మళ్ళీ ఆడి చూసిన పాత ఆటల పట్టిక ఉంది. పిల్లల తోట ఆటకి ఐదు పోయి ఎనిమిది వచ్చాయి. "ఆ తోటలో దుఃఖమేమీ లేదు. క్షమించాలి" అని ఒక్క వాక్యం.

ఇన్‌చార్జి భయపడ్డది ఊరికే పోలేదు. పైవాళ్ళు ఆయన్ని పిలిపించారు. రెండు ఆదివారాలు ఆ చోట ప్రకటన వచ్చింది. ఆ రెండు వారాలూ అత్త పొద్దున్న పదింటికి పరదాలు వేసి, ఏ ఆటా పెట్టకుండా కూర్చునేది. మూడో వారం ఇన్‌చార్జి ఫోన్ చేశాడు. ఉత్తరాలు వచ్చిపడుతున్నాయట. తిట్టినవాళ్ళున్నారు, నవ్వినవాళ్ళు అంతకంటే ఎక్కువమంది ఉన్నారు. పేజీ ఎక్కడని అడిగినవాళ్ళు కూడా ఉన్నారట. పావు పేజీ ఇవ్వడానికి పైవాళ్ళు ఒప్పుకున్నారు, అదీ పదకొండో పేజీలో, గళ్ళ నుడికట్టు కింద.

"అరపేజీ అయితే..." అని ఆయన నసిగాడట.

"పావు చాలు సార్. తప్పులు కూడా తక్కువ పడతాయి" అంది అత్త.

తోకాయన కూడా రాశాడు. ఆ ఉత్తరం అత్త రెండుసార్లు చదివింది, ఒకసారి తనకోసం, ఒకసారి నానమ్మకోసం. "మీరు ఆడినట్టే వెలుతురు పూర్తిగా తగ్గించి ఆడానమ్మా. మూడో మెట్టు మీదే నలభైసార్లు చచ్చాను. మీకూ మీ అమ్మగారికీ ఇంత ఓపిక ఎక్కడిదో నాకు అర్థం కాలేదు. కానీ బావి దగ్గర నా ఊపిరి నాకే వినిపించి, లేచి వెళ్ళి గదిలో లైటు వేసుకున్నాను. తొమ్మిది మాత్రం వెయ్యను. ఏడు."

"ఏడు తక్కువేం కాదు" అంది నానమ్మ. "మంచి చెవులున్న మనిషి."

అప్పటి నుంచి ఆయన ప్రతి సమీక్షకీ ఏదో ఒక తప్పు పట్టి రాస్తూనే ఉన్నాడు. సగం ఉత్తరాల్లో ఆయన మాటే నెగ్గుతుంది. నెగ్గినప్పుడల్లా అత్త పావు పేజీలోంచి రెండు లైన్లు తీసి దిద్దుబాటు వేస్తుంది.

పాత మానిటర్ అటక మీద ఉంది. కొత్తదాని మీద రోజూ ఉదయం పది గళ్ళు లెక్కపెడుతుంది, నానమ్మ అడుగుతుంది. వెలుతురు తగ్గితే ముందు నలుపులో కలిసిపోయేది తొమ్మిదో గడే. వెలుతురు సవరించుకోమంటే ఇప్పుడు సవరించుకుంటుంది. ప్రస్తుతం అత్త ఆడుతున్నది చేపలు పట్టే ఆట. నిన్నటికి పద్దెనిమిది గంటలైంది, ఇంకా పూర్తి కాలేదు, మార్కులు వెయ్యలేదు.